దొంగకు వేసిన కుర్చీ

కల్యాణసుందరం గారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఏ పని మొదలుపెట్టినా ముందుగా దొంగకు కుర్చీ వేస్తారు.

ఇది అలంకారంగా చెబుతున్న మాట కాదు. నలుగురు కూర్చుని మాట్లాడుకోవలసి వస్తే ఆయన ఐదు కుర్చీలు వేయిస్తారు. ఐదవది నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ; ఎడమ చేయి విరిగితే నైలాన్ తాడు చుట్టి నిలబెట్టారు. అందులో ఎవరూ కూర్చోకూడదు. కాఫీ వస్తే దాని ముందు కూడా ఒక గ్లాసు పెట్టాలి. మాటల మధ్యలో ఆయన ఆ కుర్చీ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "తమరేమంటారు?" అని అడుగుతారు. తరవాత తానే లేచి అందులో కూర్చుని, గొంతు మార్చి, దొంగ తరఫున జవాబు చెబుతారు. మళ్ళీ తన చోటికి వచ్చి ఆ జవాబుకు తానే ఉలిక్కిపడతారు. చివరకు చల్లారిపోతుందని దొంగ గారి కాఫీ కూడా తానే తాగుతారు.

షణ్ముగప్రియ ఉద్యోగంలో చేరిన మొదటి ఉదయం ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మదురై నుంచి వచ్చిన పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, పుట్టుకతోనే పిరికిది. లిఫ్టు తలుపు మూసుకుంటే గోవిందనామం మొదలుపెట్టే రకం. కనబడిన ఖాళీ కుర్చీలో ఒద్దికగా కూర్చుంది.

"అమ్మిణీ, లే లే!" అని కల్యాణసుందరం గారు కేక పెట్టారు. "అక్కడ ఇంకో ఆళ్ కూర్చోనుండాడు."

ఆమె ఎగిరి లేచి వెనక్కి చూసింది. ఎవరూ లేరు.

"ఎవరు సార్?"

"దొంగ."

"ఎక్కడుండాడు సార్?"

"అది తెలిస్తే వానికి కుర్చీ ఏంటికి?"

ఆ రోజు నుంచి ఆమెకు ఆ కుర్చీ అంటే వణుకు. దాని పక్కగా వెళ్ళవలసి వస్తే తల వంచుకుని, చున్నీ తగలకుండా దగ్గరకు లాక్కుని వెళ్ళేది. ఫ్యాను గాలికి అది కిర్రుమంటే చేతిలోని పని ఆగిపోయేది. ఒకసారి పొరపాటున కాలు తగిలితే, చూసినవారెవరూ లేరని నిర్ధారించుకుని, కళ్ళకద్దుకుంది కూడా.

కోయంబత్తూరు నుంచి అన్నూరు వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఆ కార్యాలయం భూపతి గారిది. చీరల మీద అచ్చువేసే బొమ్మలను అక్కడ కంప్యూటరులో గీసి మిల్లులకు అమ్ముతారు. కల్యాణసుందరం గారు భూపతికి కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పిన గురువు. పదవీ విరమణ చేశాక శిష్యుడే పిలిచి ఉద్యోగమిచ్చాడు. జీతమిచ్చే యజమాని అయినా భూపతి ఇప్పటికీ గురువు గారి ముందు చొక్కా పై గుండీ పెట్టుకుంటాడు. దొంగ కుర్చీని భరించడానికి అసలు కారణం ఆ గుండీయే.

గురువు గారి పని చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. బొమ్మ ఎవరి చేతికి వెళ్ళినా, వెళ్ళే ముందు వారి పేర అందులో కంటికి కనబడని గుర్తు ఒకటి దాచాలి. బొమ్మలోని ప్రతి చుక్క వెలుగుకూ సున్న నుంచి రెండు వందల యాభై ఐదు వరకు మెట్లు ఉంటాయి. కొన్ని చుక్కలను రెండు మెట్లు పైకి, కొన్నింటిని రెండు మెట్లు కిందికి జరిపితే మనిషికి తేడా తెలియదు, యంత్రానికి తెలుస్తుంది. ఏ చుక్క పైకి, ఏ చుక్క కిందికి అన్నది ఎవరికి వారు ఎంచుకున్న రహస్యపదాన్ని బట్టి ఉంటుంది. పదం విత్తనం, గుర్తు మొక్క. రేపు ఆ బొమ్మ దొంగ అంగట్లో కనబడితే, అది ఎవరి చేతి నుంచి జారిందో ఆ మొక్కను చూసి చెప్పవచ్చు.

ఆ గుర్తుకు రెండు గుణాలు ఉండాలని ఆయన అనేవారు: గట్టితనం, గుట్టు. బొమ్మను ఎన్ని బాధలు పెట్టినా గుర్తు చెరగకపోవడం గట్టితనం. పరాయివాడు దానిని కనుక్కోలేకపోవడం, ఊడదీయలేకపోవడం, తెచ్చి ఇంకొకరి నెత్తిన అతికించలేకపోవడం గుట్టు. ఈ రెండూ అత్తాకోడళ్ళ వంటివి. ఒకరికి పెత్తనం ఇస్తే రెండవవారు అలుగుతారు.

గట్టితనం పరీక్షించే రోజున కార్యాలయం చాకిరేవులా ఉండేది. అచ్చువేసిన గుడ్డను కుంకుడురసంలో ఉడకబెట్టించి, మెట్ల రాయికేసి బాదించి, పిండి ఆరవేయించి, దానిని కదిలే టౌన్‌బస్సు కిటికీలోంచి ఫోటో తీయించేవారు. ఆ ఫోటోను తన భార్య అక్కచెల్లెళ్ళ వాట్సాప్ గుంపులోకి వదిలేవారు. వారు దాని మీద పూలు, దీపాలు, శుభోదయాలు అతికించి ఒకరికొకరు పంపుకునేవారు. "ఆడనించి ప్రాణాలతో బయటికొచ్చిందా, అది ప్రళయంలోనూ బతుకుతాది" అనేవారు ఆయన.

ఇక గుట్టు విషయంలో ఆయనకు దేవుడి మీద కూడా నమ్మకం లేదు. ఎవరైనా తమ రహస్యపదం కొట్టుకుంటుంటే ఆయన గోడ వైపు తిరిగి నిలబడేవారు. నిలబడే ముందు కుర్చీ మీద తువ్వాలు కప్పేవారు, దొంగ చూడకుండా.

ఇంట్లోనూ ఇదే వరస. కూతురి పెళ్ళిచూపులకు అవతలివాళ్ళు ఆరుగురు వస్తే ఏడు కుర్చీలు వేయించారు. పెళ్ళికొడుకు మేనమామ వచ్చి ఆ ఏడవదానిలో కూర్చున్నాడు. కల్యాణసుందరం గారు చేతులు జోడించి, "తప్పుగా తీసుకోవద్దండీ, అది దొంగది" అన్నారు. పెళ్ళి తప్పిపోయిందని అందరూ అనుకున్నారు. అప్పుడు ఆ మేనమామ భార్య, "ముప్పై ఏండ్లకి ఈ మనిషి సరైన చోట కూర్చున్నాడు" అని నవ్వింది. సంబంధం కుదిరింది.

ఒక సీజనులో బొమ్మలు రెండు పరాయి మిల్లులో తేలాయి. భూపతి మండిపడుతూ వచ్చాడు.

"సార్, గుర్తు ఇంకా గట్టిగా వెయ్యల్ల. రెండు మెట్లు చాలదు. ఎనిమిది మెట్లు వెయ్యండి."

"భూపతీ, రసంలో పెరుంగాయం, అదే ఇంగువ, ఎంత వేస్తారు?"

"చిటికెడు."

"పిడికెడు వేస్తే?"

"వీధంతా వాసన కొడతాది."

"అప్పుడు దొంగకి కన్ను వేండాం. ముక్కు చాలు."

"చిటికెడు వేస్తే కాగేలోపల పోతాది గదా సార్?"

ఇది న్యాయమైన ప్రశ్నే. అందుకని గురువు గారు కుర్చీని అడిగారు, "తమరేమంటారు?" లేచి అందులో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, గొంతు బొంగురు చేశారు. "ఓనరు ముదలాళీ, నువ్వు పిడికెడే వెయ్యి. నాకు వెతికే పాటు తప్పుతాది."

పక్కన నిలబడి కాగితాలు పట్టుకున్న షణ్ముగప్రియకు ఒళ్ళు జలదరించింది. ఆ గొంతు సార్‌ది కాదు అనిపించింది.

చివరకు ఐదు మెట్ల దగ్గర రాజీ కుదిరింది. అయితే రహస్యపదాల దగ్గర భూపతి తన పంతం నెగ్గించుకున్నాడు. పాచికలు వేసి, అర్థం లేని అక్షరాలు పేర్చి పదాలు ఇద్దామని గురువు గారి మాట. "ఎవరికి గుర్తుంటాది సార్? గోడ మీద రాసుకుంటారు. ఎవరికి తోచింది వాళ్ళు పెట్టుకోనీ" అని శిష్యుడి మాట. గోడ మీద రాసుకుంటారన్న భయం గురువు గారిని ఓడించింది.

షణ్ముగప్రియ చాలా ఆలోచించి తన ఇంటిపేరు పెట్టుకుంది. తమిళనాట స్థిరపడిన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ఉంటుంది, కాని ఏ కాగితంలోనూ ఉండదు. రేషన్ కార్డులో లేదు, ఆధార్‌లో లేదు, బడి సర్టిఫికెట్టులో లేదు. పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒక్కటే. కాగితంలో లేని మాట లోకంలోనే లేదని ఆమె చదువు ఆమెకు నేర్పింది. తెలుగు రాయడం రాదు కనుక ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి, ఇక దొంగ తాత దిగివచ్చినా దొరకదని ధైర్యంగా ఊపిరి పీల్చుకుంది. ఆ కార్యాలయంలో ఆమె ధైర్యంగా చేసిన పని అదొక్కటే.

రహస్యపదం పెట్టుకున్నవారిలో భూపతి తల్లి పంకజవల్లి కూడా ఉంది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆమె పై అంతస్తు దిగదు. కింద పనిచేసేవారిలో చాలామందిని ఆమె చూడలేదు. అయినా ఆమె ఫోనుకు వెళ్ళి ఆమె "బాగుండాది" అనందే ఏ బొమ్మా గడప దాటదు. కల్యాణసుందరం గారు పైకి వెళ్ళి, ఎవరికీ తెలియని మాట ఒకటి చెప్పమంటే, ఆమె ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయనే దానిని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టారు. ఆమెకు పంపే బొమ్మలోనూ గుర్తు వేస్తున్నారని విని భూపతి అదిరిపడ్డాడు.

"దొంగల వరసలో మా అమ్మ పేరా సార్?"

"దొంగకి వరస ఉండదప్పా."

"తీసెయ్యండి. యంత్రం పనివాళ్ళ పేర్లు చెప్తే చాలు."

అలాగే చేశారు. పంకజవల్లి బొమ్మలో గుర్తు ఉంటుంది. యంత్రం మాత్రం ఆమె పేరు పలకదు.

*

షణ్ముగప్రియ సొంతంగా గీసిన మొదటి బొమ్మ చింతపూల అంచు. పసుపు రేకు, దాని మీద వెంట్రుకంత ఎర్ర చార. దూరం నుంచి చూస్తే ఎవరో గుప్పెడు చల్లినట్టుంటుంది. అది దీపావళికి అంగళ్ళలోకి రావాలి. ఇంకా మిల్లుకే వెళ్ళలేదు. ఒక మధ్యాహ్నం భూపతి ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని వచ్చి, అందులోని చీరను బల్ల మీద దులిపాడు. చింతపూల అంచు.

"మదురైలో అంగట్లో తగిలించి అమ్ముతా ఉండారు" అన్నాడు. కేక వేయలేదు. కేక వేసి ఉంటే షణ్ముగప్రియకు ఇంత భయం వేసేది కాదు.

చీరను ఫోటో తీసి యంత్రానికి ఇచ్చారు. తెర మీద పచ్చగీత కుడివైపుకు పాకసాగింది. ఆమెకు తన బొమ్మ పోయిందన్న దుఃఖం ఇంకా పుట్టలేదు. ఆ గీత ఎక్కడ ఆగుతుందోనన్న దిగులే ఉంది. గీత ఆగింది. దాని కింద ఒక పేరు వెలిగింది.

షణ్ముగప్రియ.

గదిలో ఉన్నవారందరూ ఒక్కసారే తన వైపు తిరిగిన చప్పుడు ఆమెకు వినబడింది. నీలం కుర్చీ కిర్రుమంది. ఫ్యానుగాలి అని తెలుసు; అయినా అది నవ్వినట్టే ఉంది.

"ఎంతకి అమ్మితివి?" అన్నాడు భూపతి.

"నేను... అమ్మలేదు సార్."

"గుర్తు అబద్ధం చెప్తాదా? ఐదు మెట్లు వేసుండాది!"

"సత్యంగా నేను లేదు సార్. మా అమ్మ మీద సత్యం."

"నాకు చెప్పొద్దు. రేపు స్టేషన్‌లో కంప్లెయింట్ ఇస్తా. అక్కడ చెప్పు."

ఆమె కళ్ళ ముందు స్టేషను కనబడలేదు. మదురైలో తన వీధి కనబడింది. కోయంబత్తూరు నుంచి తన బస్సు బయలుదేరకముందే కబురు అక్కడకు చేరుతుంది. తమవాళ్ళలో ఎవరింట పెళ్ళి జరిగినా, వడ్డించే చోట, "ఆ పిల్లేనా? బొమ్మలు దొంగిలించి..." అనే మాట పప్పుతో పాటు విస్తరిలో పడుతుంది.

కల్యాణసుందరం గారు మాత్రం తెర ముందు ఒంటరిగా కూర్చుని ఏవో లెక్కలు చూస్తున్నారు. చూసి చూసి, ఒక చోట ఆగి, కళ్ళద్దాలు తీశారు. పై కప్పు వైపు చూశారు. మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"భూపతీ, కంప్లెయింట్ తరవాత. ముందు విచారణ చెయ్యల్ల."

"ఇంకేమి విచారణ సార్?"

"దొంగ లేనిదే విచారణ కుదరదు. కుర్చీ పట్టు."

"ఎక్కడికి?"

"పైకి. పెద్దమ్మ ముందర పెట్టు."

"అమ్మ ఏంటికి సార్ దీంట్లో?"

"న్యాయం చెప్పే దానికి పెద్దాళ్ళు కావల్నా, వేండామా?"

భూపతి చొక్కా పై గుండీ పెట్టుకుని కుర్చీ ఎత్తాడు. మెట్ల మీద ముందు కుర్చీని మోస్తూ యజమాని, వెనక కంప్యూటరును చంకన పెట్టుకుని గురువు గారు, వారి వెనక షణ్ముగప్రియ. ఎదురుగా వచ్చిన లెక్కల గుమాస్తా గోడకు అంటుకుపోయి దారి ఇచ్చాడు. ఆమెకు తనను ఉరికి తీసుకుపోతున్నట్టే ఉంది. ఉరి వేయవలసినవాడిని మాత్రం ముందుగా కుర్చీలో మోసుకుపోతున్నారు.

పంకజవల్లి కాళ్ళు చాపుకుని అవరకాయలు, అదే చిక్కుడుకాయలు, ఒలుస్తోంది. కుర్చీ చూసి, "ఇదేందిరా, ఇరిగిన కుర్చీ నాకు తెస్తివి?" అంది.

"నీకు కాదమ్మా. దొంగకి."

"దొంగకి కాపీ పెట్టల్నా?"

"ముందర మాట వినండి పెద్దమ్మా," అంటూ కల్యాణసుందరం గారు కుర్చీలో కూర్చున్నారు. కాలు మీద కాలు వేశారు. గొంతు బొంగురుపోయింది. "భూపతీ, ఇప్పుడు నేను సార్ కాదు. దొంగని. గుర్తు వేసే ప్రోగ్రాము నా దగ్గరా ఉండాది. దుడ్డిస్తే ఎవరికైనా వస్తాది. తాళాలు అంగట్లో అందరికీ దొరుకుతాయి, తాళంచెవి ఒక్కటే మనది. నాకు ఈ అమ్మిణి చెవి కావల్ల. నేను కంప్యూటరు ముట్టుకోను. ఏమి చేస్తానో చూడు." పంకజవల్లి వైపు తిరిగారు. "పెద్దమ్మా, ఈ పిల్ల ఎవరో తెలుసునా?"

"నేనెప్పుడు చూస్తిని? ఎవరి బిడ్డవే నువ్వు?"

"మ... మదురై, అవ్వా."

"మదురై అంటే సముద్రమంత ఊరు గదే. ఎవరని చెప్పేది? మీ తాత ఏ ఊరు?"

"మేలూరు."

"పేరు?"

"బంగారు."

పంకజవల్లి చేతిలో అవరకాయ ఆగింది. "మేలూరు బంగారా? రాళ్ళగనికి బండి తోలి, ఒంటిచెవికి కడుక్కన్ పోగు పెట్టుకుని, పిల్లిని చూస్తే వెనక్కి తిరిగిపోయే బంగారా?"

"ఆమా అవ్వా."

"అట్లంటే మీరు జొన్నలదొడ్డోళ్ళే గదే!"

షణ్ముగప్రియ దాచుకున్న ఇంటిపేరు, ఏ కాగితంలోనూ లేని పదం, పట్టపగలు అవరకాయ తొక్కల మధ్య పడి ఉంది. పెళ్ళిపీటల దగ్గర, నిశ్చయతాంబూలాల దగ్గర తమ జనం గొంతెత్తి ముందుగా అడిగేది ఆ ఒక్క మాటే కదా! ఒకే ఇంటిపేరువారికి పెళ్ళి కుదరదని ముసలివాళ్ళు ఊరూరి ఇళ్ళపేర్లనూ కంఠతా పట్టి ఉంటారు. ఆ సంగతి ఇన్నాళ్ళు తనకెందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు.

"ఇదేనా అమ్మిణీ?" అన్నారు దొంగ గారు. ఆమె తల ఊపింది.

"నాలుగు ప్రశ్నలు. ఒక కాపీ కూడా ఖర్చు కాలేదు." ఆయన లేచి గోడ మీదున్న ఫోటోను ఫోనుతో తీశారు. పళనిలో గుండు చేయించుకుని, గంధం పూసుకుని, ఏడుస్తున్న రెండేళ్ళ భూపతి. జొన్నలదొడ్డి అని కొట్టి దానిలో గుర్తు వేసి, మళ్ళీ యంత్రానికి చూపించారు. పచ్చగీత పాకింది.

"భూపతీ, నీ గుండు ఫోటో దొంగిలించింది ఎవరు?"

భూపతి తెర చదివి మింగుడు పడనట్టు చూశాడు. "షణ్ముగప్రియ."

"నీకు గుండు కొట్టినప్పుడు ఈమె పుట్టిందా?"

"లేదు సార్."

"వాళ్ళమ్మకి పెండ్లి అయిందా?"

"...లేదనుకుంటా సార్."

అక్కడితో ఆగితే ఆయన కల్యాణసుందరం గారే కాదు. అవరకాయల పళ్ళెం, గోడ క్యాలెండరు, భూపతి చెప్పులు, ఒకటి తరవాత ఒకటి ఫోటో తీశారు. కాసేపట్లో షణ్ముగప్రియ ఆ ఇంట్లో గ్యాసు బండతో సహా అన్నీ దొంగిలించినట్టు యంత్రం సాక్ష్యం చెప్పింది.

"ఎంత గట్టి గుర్తో చూస్తివా? చావదు. చావనిదాన్ని ఎవరి నెత్తినైనా పెట్టొచ్చు. గట్టితనం ఉండాది, గుట్టు లేదు. అట్లాంటి సాక్షిని నమ్మి పిల్లని స్టేషన్‌కి పంపుతావా?"

ఇంతలో పంకజవల్లి ముఖం వెలిగింది. "ఒరే, జొన్నలదొడ్డి అంటే నా పుట్టినిల్లు గదరా! అందుకే గదా ఆ పొద్దు సార్ చెవిలో నేనూ..."

దబ్బుమని అవరకాయల పళ్ళెం బోర్లా పడింది. కల్యాణసుందరం గారి మోచేయి తగిలింది. గింజలు మంచం కిందికి, తలుపు వెనక్కి దొర్లిపోయాయి. "అయ్యయ్యో" అంటూ అందరూ వంగి ఏరడం మొదలుపెట్టారు. గింజలు ఏరుతూ షణ్ముగప్రియ తల ఎత్తితే గురువు గారి ముఖం దగ్గరగా కనబడింది. ఎన్నో భయాలు నటించిన ముఖం అది. ఇప్పుడు అందులో ఉన్నది నిజం భయం.

భూపతి గుప్పెడు గింజలతో లేచి నిలబడ్డాడు. "సరే సార్. ఈ అమ్మిణి మీద కంప్లెయింట్ లేదు. పనికి రానీ. అయితే ఎవరు తీసిండేది?"

గురువు గారు నీలం కుర్చీ వైపు చేయి చూపారు.

"సార్! అది ఖాళీ కుర్చీ."

"ఖాళీగానే ఉండనియ్యి భూపతీ. దాంట్లో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టల్లని ఏంటికి తొందర?"

భూపతి ఏదో అనబోయి, గుండీ తడుముకుని, ఫోను మోగితే కిందికి వెళ్ళిపోయాడు.

కొడుకు అటు వెళ్ళగానే పంకజవల్లి షణ్ముగప్రియ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "మీ తాత, మా నాయిన అన్నదమ్ముల బిడ్డలే! నువ్వు నాకు మేనకోడలివే. ఆ చింతపూలు నువ్వేసిందేనా? ఇది చూడు." ఫోను తీసింది. జొన్నలదొడ్డి వంశం అని ఒక గుంపు. చిన్నమనూరు నుంచి అన్నూరు దాకా అందరూ అందులోనే. మధ్యలో చింతపూల అంచు. "ఎంత అందంగా ఉండాదో అని నేనే అందరికీ పంపితిని. మదురైలో మా చిన్నాయన కొడుకు జవుళి అంగడి పెట్టుండాడు. 'ఇంకొంచెం పెద్దదిగా పంపక్కా' అని అడిగె. పంపితిని!"

ఆమె ముఖంలో ఎంత గర్వమో! షణ్ముగప్రియకు అప్పుడు తెలిసింది. ఒక విత్తనం, ఒకే మొక్క. ఇద్దరి పదమూ ఒకటే, ఇద్దరి గుర్తూ ఒకటే; ఒకరి పేరు చెప్పవద్దని యంత్రానికి ఆజ్ఞ. ఇంత సేపూ తాను వణికిపోయిన దొంగ అవరకాయలు ఒలుస్తూ తన చేయి నిమురుతోంది.

ఆమె గురువు గారి వైపు చూసింది. ఆయన ఫ్యాను రెక్కల వైపు ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు.

మెట్ల మలుపులో ఆమె ఆయనను ఆపింది. "సార్, మీకు ముందే తెలుసునా?"

"కింద లెక్క చూసినప్పుడే. పెద్దమ్మ గుర్తుతో పెట్టి చూస్తే అదీ అంతే సరిపోయె."

"అప్పుడే చెప్పి ఉంటే నేను ఇంత పయపడకుండా ఉందును గదా సార్!"

"నీ పయం పోవును అమ్మిణీ. ఆయమ్మకి పట్టుకొనును. ఈ వయసులో కొడుకు ముందర దొంగై నిలబడల్ల." ఆయన కుర్చీని ఒక మెట్టు కిందికి దించి, విరిగిన చేతికి చుట్టిన తాడు బిగించారు. "దొంగ అనే ఆ మాట ఉండాదే, అది కూర్చునే దానికి చోటు వెతుక్కుంటా తిరుగుతాది. మనోళ్ళలో ఎవరి మీదైనా కూర్చుంటే మూడు తరాలకి లేవదు. అందుకే నేను ముందరే దానికి కుర్చీ వేసేస్తా. కాపీ కూడా ఇప్పిస్తా. ఇంకెక్కడికీ పోదు."

షణ్ముగప్రియ మొదటిసారిగా ఆ కుర్చీని భయం లేకుండా చూసింది. ఇంతకాలం అందులో తనను ఎవరో చూస్తున్నారనుకుంది. నిజానికి ఆ దొంగ అనే మాట తనకు బదులుగా అందులో కూర్చుని ఉంది.

"మరి అత్త మళ్ళీ పంపితే?"

"ఆమెకి ఇంక బొమ్మ అంగట్లోకి వచ్చినాకనే పంపుతాం. ముందరే చూస్తే రాహుకాలం దోషం తగులుతాదని జోస్యుడు చెప్పినాడని చెప్పేసినా."

"ఎప్పుడు చెప్పినారు సార్?"

"నువ్వు గింజలు ఏరేటప్పుడు."

"ఏ జోస్యుడు?"

ఆయన మర్యాదగా కుర్చీ వైపు చూశారు.

మరునాడు పాచికలు వేసి అందరికీ అర్థం లేని పదాలు ఇచ్చారు. గుర్తు మూడు మెట్లకు దిగింది. భూపతి ఒక్క మాట అనలేదు. అంటాడేమోనని షణ్ముగప్రియ కాగితాలు పట్టుకుని అతని గది గుమ్మం దగ్గర వణుకుతూ నిలబడి ఉండగా, పై నుంచి మెట్ల సందులోగుండా పంకజవల్లి గొంతు కార్యాలయమంతా మోగింది.

"ఒరే భూపతీ! ఆ పిల్ల నా మేనకోడలు, నీకు మామ కూతురు! సార్ గీర్ అనిపించుకుంటివంటే చూడు! బావ అని పిలవల్ల!"

టైపు కొట్టే చేతులన్నీ ఆగిపోయాయి. నిన్న స్టేషనుకు పంపుతానన్న మనిషి ముఖం కుంకుడురసంలో ఉడికిన గుడ్డలా తెల్లబోయింది. భూపతి చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మిణీ, నీకు పుణ్యముంటాది. ఇంట్లో ఏమన్నా పిలువు. ఆఫీసులో మాత్రం వేండాం. అందరూ చూస్తా ఉండారు."

షణ్ముగప్రియ తల ఎత్తింది. చేతిలోని కాగితాలు వణకడం మానేశాయి.

"సరే బావా" అంది.